చెంగమ్మగారి మగమై

నిన్న ఆసుపత్రిలో బిల్లుల కౌంటరు ముందు కూర్చుని ఉండగా, పక్కావిడ సంచీలోంచి ఎండుమిరపకాయల ఘాటు తగిలి నాకు వరసగా తుమ్ములు వచ్చాయి. ఆవిడ నొచ్చుకుంటూ సంచీ మూతి ముడివేసింది. కానీ అప్పటికే నేను వాషర్‌మెన్‌పేటలో చెంగమ్మగారి అంగడి మెట్ల మీదికి వెళ్ళిపోయాను.

ఎనభైల్లో నేను మద్రాసులో ఒక బీమా కంపెనీలో పనిచేసేవాణ్ణి. చెంగమ్మగారి మిరపకాయల మండీ పైగదిలో అద్దెకు ఉండేవాణ్ణి. భర్త పోయాక ఆ టోకు వ్యాపారం ఆవిడే నడిపేది. మాది గుడివాడ వైపు. వాళ్ళు తరతరాలుగా మద్రాసులో ఉన్నవాళ్ళు. నేను ఇక్కడ అంటే ఆవిడ ఈడ అనేది, సగం అరవం కలిపేది. వెక్కిరిస్తే, "నీది పుస్తకాల తెలుగు నాయనా, దాంతో ఒక్క మూట అమ్మి చూపించు" అనేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి గానీ, ఆవిడ ముద్దుగా మాట్లాడినట్టు ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు.

వైద్యఖర్చుల పాలసీలు కొత్తగా వచ్చిన రోజులవి. నర్సింగ్‌హోముల్లో రేట్లు ఏడాదికేడాది పెరిగిపోతున్నాయని వీధిలో అందరూ గొణుగుతున్నారు. మొదటి పాలసీ ఇంటి కిందే అమ్ముదామని మెట్లు దిగాను. చెంగమ్మగారు అంతా విని, మూటలు మోసే కన్నియప్పన్‌ని చూపించింది. పేగు జారి, పొత్తికడుపు పట్టుకుని నడుస్తున్నాడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే, కానీ మంచం దొరికేదాకా ఆగాలి. ఆగినన్నాళ్ళూ కూలి లేదు, ఇంట్లో చిన్నపిల్లలు.

"వీడికి ఇయ్యి నీ పాలసీ. డబ్బు నేను గడతా."

"ముందే ఉన్న జబ్బుకు వర్తించదు పెద్దమ్మా."

"మరి జబ్బులేనోడికి ఆస్పత్రి యెందుకు?"

నేను ఆఫీసులో నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పాను. జబ్బుపడ్డాకే అందరూ చేరితే నిధి నిలవదు. బాగున్నవాళ్ళు ఎంతోమంది కడితేనే బాగాలేని కొద్దిమందికి అందుతుంది. ఆవిడ త్రాసు పక్కనపెట్టింది.

"అట్నా? అయితే ఇది మా మగమై మాదిరే గదా" అంది.

మగమై అంటే ఆ వీధి వర్తకులు అమ్మిన ప్రతి మూట మీదా కొంత తీసి గుడి ఉత్సవానికి ఇచ్చే సొమ్ము. అందులో సగం మూటలు మోసేవాళ్ళ వైద్యానికి పెట్టాలని ఆవిడ వర్తకుల సమావేశంలో అడిగింది. బీమా సంగతులు తెలిసినవాణ్ణని నన్నూ వెంటబెట్టుకు వెళ్ళింది. గుడి ధర్మకర్త నాగభూషణంగారు ఆవిడ మరిదే. చెడ్డమనిషేమీ కాదు.

"దేవుడి పేరున తీసింది కోతలకీ కుట్లకీ పెడతామా వదినా? ఊరికే వస్తాదంటే ప్రతి తలనొప్పికీ డాక్టరు కాడికి పోతారు. మనం ఇస్తామని తెలిస్తే ఆ డాక్టరూ రేటు పెంచుతాడు."

మా ఆఫీసులోనూ ఇవే భయాలు. మనసులో నేను సగం ఆయనతోనే ఏకీభవించాను.

"తలనొప్పి జూపించుకునేదానికి ఒక పూట కూలి పోగొట్టుకునేవోడు యెవుడప్పా?" అంది చెంగమ్మగారు. "రేటు సంగతంటావా, అందరం కలిసి పొయ్యి ముందే మాట్లాడుకుందాం. మిరపకాయలకి మాట్లాడమా?"

వెనకనుంచి ఎవరో, "జబ్బు రాకపోతే కట్టినోడి డబ్బు పోయినట్టే గదా?" అన్నారు.

"జబ్బు రాకుండా ఉండేదానికంటే ఇంకేం గావాలప్పా నీకు?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళే తరువాత వద్దని చేతులెత్తారు.

ఇకమీదట తన అంగడి మగమై మొత్తం మోసేవాళ్ళకే పోతుందని ఆవిడ లేచి చెప్పింది. "అయితే స్వామి నీ అంగడి ముందర నిలవడు వదినా. అది నేను జేసిన కట్టుబాటు గాదు" అన్నారు నాగభూషణంగారు. ఉత్సవంలో స్వామి పల్లకి, మగమై కట్టిన ప్రతి అంగడి ముందూ ఆగి హారతి అందుకునేది. మామగారి కాలం నుంచీ మొదటి హారతి ఈవిడ అంగడిదే. ఆవిడ చెప్పులు వేసుకుంది.

కన్నియప్పన్‌కి ఆపరేషన్ అయింది. నర్సింగ్‌హోము డాక్టరుతో ఆవిడ బేరమాడుతుంటే నేను సిగ్గుతో గోడవైపు తిరిగాను గానీ, రేటు మాత్రం తగ్గింది. అతను ఇంకా కోలుకుంటుండగానే ఉత్సవం వచ్చింది. ఆవిడ అంగడి ముందు కడిగించి, ముగ్గు వేయించి, పట్టుచీర కట్టుకుని, హారతి వెలిగించి నిలబడింది. పల్లకి ఆగదని ఆవిడకీ తెలుసు. నాగభూషణంగారు అవతలివైపు చూస్తూ నడిచి వెళ్ళారు. మేళం ఆగలేదు, పల్లకీ ఆగలేదు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"పోనీలే నాయనా" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆ స్వామికి మన అంగడి తెలీదా యేంది? పొయ్యి కన్నియప్పన్ గంజి తాగినాడేమో చూసిరా."

నేను అక్కడున్నన్నాళ్ళూ పల్లకి ఆగలేదు. ఆవిడా ఏటేటా హారతి పట్టుకుని నిలబడడం మానలేదు, మోసేవాళ్ళకు ఇవ్వడమూ మానలేదు. నా దగ్గర పాలసీ మాత్రం కొనలేదు. తరువాతి రోజుల్లో నేను క్లెయిములు చూసే సీట్లో కూర్చున్నాను. ఒక కాగితాన్ని తిరస్కరించే ముందు, ఆ మంచంమీద మనిషి గంజి తాగాడో లేదో అని కాస్త ఆగేవాణ్ణి. ఆగినంత మాత్రాన నియమం మారేది కాదు. ఆ ఆగడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

నిన్న ఆ మిరపకాయలావిడ చెల్లెలికి తోడుగా వచ్చిందట. మాటల్లో, అచ్చం చెంగమ్మగారి యాసలోనే, తన పాలసీ సంగతి ఎత్తింది.

"ఇన్నేండ్లూ ఊరికే గట్నాను సార్. ఒక్కసారి గూడా అక్కర పడలా. ఆ డబ్బంతా పోయినట్టే గదా?"

నాది జీవితమంతా గుడివాడ తెలుగే. కానీ నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది:

"జబ్బు రాకుండా ఉండేదానికంటే ఇంకేం గావాలమ్మా నీకు?"

ఆవిడ నవ్వి, "మీదీ ఈడేనా సార్?" అని అడిగింది.

అవునన్నాను.