గోదావరి నెంబరు మారింది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. తెలియడం మొదలైంది ఆ తర్వాతే. దూలపల్లిలో వాల్వులు తయారుచేసే చిన్న కంపెనీలో నేను కంప్యూటర్ ఇంజనీరుని (పదకొండు కంప్యూటర్లకూ నేనొక్కణ్ణే). స్టోర్సులో ఏ సరుకెంతుందో చూపించే వెబ్‌సైటొకటి చేసి, ఆఫీసులోనే ఓ సర్వరులో పెట్టి, మా ఊరి మీద మమకారంతో 'గోదావరి' అని పేరుపెట్టాను. ఏ కంప్యూటర్లోనైనా ఆ పేరు కొడితే చాలు, తెరుచుకునేది. ఆ పేరు కొడితే ఏ నెంబరున్న సర్వరుకు వెళ్ళాలో చెప్పే చిన్న పట్టీని పదకొండింటిలోనూ నా చేత్తోనే రాసిపెట్టాను.

మా ఓనరుగారికి అంకెల పిచ్చి. సర్వరు నెంబరు చివర పదమూడుందని ఓ పొద్దున ఆయన కంటపడింది. "కూడితే నాలుగైతది. నాకు అచ్చిరాదు. పదిహేను పెట్టు, ఆరైతది." పెట్టాను. పదమూడును వృథాగా పోనివ్వడమెందుకని ప్రింటరుకిచ్చాను (పొదుపు మా వంశంలోనే ఉంది). ఆ రోజే నాలుగింటికి శామీర్‌పేట నుంచి ఓ పెద్ద కొనుగోలుదారు వస్తున్నారు. ఆయన ముందు గోదావరి తెరుచుకుంటేనే నా ఉద్యోగం పర్మనెంటు. ఆ కాగితం టైపై ఓనరుగారి సొరుగులో సంతకం కోసం కాచుకుని ఉంది. మా అమ్మ అయితే అప్పటికే కొంపల్లి కాలనీ అంతా స్వీట్లు పంచేసింది.

పన్నెండింటికి సేల్సు అక్క కేకేసింది. "గోదావరి కొడితే 'కాగితం లేదు' అని వస్తాంది, ఏంది సారూ?"

నా కంప్యూటర్లో చూస్తే బ్రహ్మాండంగా వస్తోంది (నా పట్టీ ఒక్కటే మార్చుకున్నాను మరి, ఆ సంగతే మరిచిపోయాను). "నాకు వస్తోందండీ" అన్నాను, తప్పు ఆవిడదే అన్నట్టు. వైర్లు పీకి మళ్ళీ గుచ్చాను. సర్వరును మూడుసార్లు ఆపి లేపాను. మూడింటికి స్టోర్సు గుమ్మంలో కూలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చేసింది.

స్టోర్సు లెక్కలన్నీ చేత్తో రిజిస్టరులో రాసే పెద్దాయన్ని మేమంతా రిజిస్టరు కాక అనేవాళ్ళం. వెబ్‌సైటు వచ్చింది కాబట్టి ఆ రిజిస్టరు ఆపేయమని ఓనరుగారికి చెప్పింది నేనే. అది కాకకూ తెలుసు. అయినా తలెత్తి, "పొద్దుగాల ఏం మార్చినవ్ బిడ్డా?" అన్నాడు.

"నెంబరు."

"నేను మేడ్చల్‌ల ఇల్లు మారినప్పుడు పాలాయనకు గూడ చెప్పొచ్చిన. నువ్వెవ్వరికి చెప్పినవ్?"

ఎవరికీ చెప్పలేదు. పది కంప్యూటర్లూ పాత నెంబరుకే వెళ్ళి ప్రింటరు తలుపు తడుతున్నాయి! తనలో కాగితం లేదని చెబుతున్నది ఆ ప్రింటరే. పరుగెత్తి తొమ్మిదింటిలో పట్టీ దిద్దాను. పదోది ఓనరుగారిది. నేను వెళ్ళేసరికి ఆయన అతిథిని పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి అని కొట్టేశారు. 'కాగితం లేదు.' ముగ్గురం చదివాం.

వెనకాలే కాక వచ్చాడు, చంకలో రిజిస్టరుతో. "కాగితం ఉన్నది సార్, గిదిగో."

అతిథి దాన్ని పది నిమిషాలు తిరగేసి ఆర్డరిచ్చారు. నా కాగితం మీదా సంతకం పడింది. రిజిస్టరు ఆపమని నేను మళ్ళీ అనలేదు.

రిటైరైన రోజు కాక, గుండ్లపోచంపల్లిలో కొడుకింటి అడ్రసును చీటీల మీద రాసి పేరుపేరునా అందరికీ ఇచ్చాడు. ఆ తర్వాత నేను రెండు ఉద్యోగాలు, మూడిళ్ళు, నాలుగు ఫోను నెంబర్లు మార్చాను. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఏదో పేరు కొడితే తెరుచుకోవడంలేదని వస్తే, "మారిన సంగతి ఎవరికి చెప్పలేదో ముందు చూడండి" అంటాను, మహా తెలిసినవాడిలా. కాక చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. నా నెంబరు మారిందని మాత్రం ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.