తడితేగానీ తట్టదు

అందరికీ విషయాలు బుర్రకు తడతాయి. మా పిన్ని మాత్రం ముందు చేత్తో తట్టాలి. తాపీ ఉంటే దాని పిడితో, లేకపోతే వేలి కణుపులతో. నా కొత్త కాపురం చూడ్డానికి వచ్చి, చెప్పులు విప్పకముందే హాలు గోడ తట్టి, “డొల్ల” అంది. మా ఆయన మొహం మాడిపోయింది. ఆ మాట తననే అందనుకున్నాడు పాపం.

తట్టడం ఆవిడ పనిలో భాగం. ఊరికి ఎగువన మూతపడ్డ గనులున్నాయి. మనుషులు వెళ్లిపోయినా, లోపలి నీళ్లు తుప్పు రంగులో, యాసిడ్‌లా పులిసిపోయి ఇంకా కారుతూనే ఉన్నాయి. వాటిని శుభ్రంచేసే చెరువుకు తీసుకెళ్లే కాలువ సిమెంటును అవే తినేస్తాయి. పిన్ని ముఠా పాత పూత చెక్కి, తుప్పు గీకి, కొత్త పూత వేస్తుంది. ఆరాక పిన్ని తట్టి చూస్తుంది. ఖంగుమంటే పట్టినట్టు, డబ్బుమంటే లోపల డొల్ల.

ఈసారి కాలువ పగిలింది సరిగ్గా మా అమ్మ పెరటికి ఎగువనే. బావి నీళ్లు ఎర్రబడ్డాయి. పూడ్చేద్దామన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోక, చెల్లెలి మీద పడింది.

“ఊళ్లో గోడలన్నీ తడతావు, నా బావి సంగతి తట్టలేదేమే? చిన్నప్పటినుంచీ నీ తలకాయే డొల్ల!”

“బాగుచేస్తాలే అక్కా. నా చెయ్యి పడితే చుక్క కారదు.”

గొప్పలకేం, గనులకున్న మూత పిన్ని నోటికి లేదు.

పూత ఆరింది. నీళ్లు వదిలే రోజు అమ్మా నేనూ నలుగురితో పాటు గట్టు మీద నిలబడ్డాం. పిన్ని తట్టుకుంటూ వచ్చింది. అంతా ఖంగుమంది. మా పెరటి దగ్గరికొచ్చేసరికి డబ్బుమంది. మళ్లీ తట్టింది. ఖంగుమనాల్సిన గోడ ఊరుకుంది, పిన్ని ఖంగుతింది.

“ఇదెవరు వేశారు?” అన్నాడు ముఠా మేస్త్రీ.

“నేనే. ఆ పూట అల్లుడి గోడ ముచ్చట చెప్పి అందర్నీ నవ్విస్తున్నా. తుప్పు గీకడం మరిచినట్టున్నా.”

మేస్త్రీ గొంతు తగ్గించాడు. “పైకి నున్నగానే ఉందిగా అక్కా. వదిలేద్దాం. ఎవరికి తెలుస్తుంది?”

నాకు జాలేసింది. ఊరందరి గోడల్నీ వెక్కిరించిన మనిషి ఇప్పుడు తన గోడను ఆ మాట అనాలి. దెప్పడానికి అంత మంచి అవకాశం దొరికినా అమ్మ కూడా నోరు మెదపలేదు.

“డొల్ల!” అంది పిన్ని, గట్టు మీదివాళ్లందరికీ వినబడేలా. తనే ఉలి తీసుకుని పగలగొట్టింది. మర్నాడు మాట్లాడకుండా గీకింది, మాట్లాడకుండా పూసింది. ఒంట్లో బాగాలేదేమోనని ముఠావాళ్లు కంగారుపడ్డారు.

పూత మళ్లీ ఆరి, ఖంగుమన్నాకే నీళ్లు వదిలారు. బావిలో ఎరుపు అంత తేలిగ్గా పోలేదు. తోడిపోశాం, వానలు పడ్డాయి, మళ్లీ తోడిపోశాం. చివరికి ఒక పొద్దున అమ్మ చేద లాగితే, నీళ్లలోంచి దాని అడుగు కనిపించింది. పరీక్షకు పంపితే తాగొచ్చన్నారు.

ఆ సాయంత్రం పిన్ని వచ్చి, దేన్నీ తట్టకుండా చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మ గ్లాసు నింపి చేతికిచ్చింది. ఇచ్చి, వేలి కణుపులతో చెల్లెలి నెత్తిమీద ఠక్కున తట్టింది.

“డొల్ల కాదే,” అంది.

పిన్ని గ్లాసు పట్టుకుని, తాగకుండా ఏడ్చేసింది.