వేయని అడుగులకు అరిసెలు

మా అత్తగారు రోలుగుంట దగ్గర పల్లెలో ఉంటారు, మేము అనకాపల్లిలో. సాయంత్రం గేదెల పాలు తీయడం అయ్యాక రోజూ ఫోన్ చేసేవారు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"మనవడు అడుగులేసేడేటమ్మా?"

బాబుకు అప్పుడు పదహారో నెల. చంకల్లో చేతులు వేసి నిలబెడితే మోకాళ్ళు మడతపడిపోయేవి. పక్కవాటాలో పాప వాడికన్నా రెండు నెలలు చిన్నది, మెట్లెక్కేస్తోంది. ఆ పాప మెట్ల మీద కనిపిస్తే నేను తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

ఆ రోజు కూడా ఆవిడ అలాగే అడిగారు. కుక్కర్లో పప్పు మాడింది, మా ఆయన మందుల కంపెనీలో మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళిపోయారు, బాబు భోజనం వేళ నుంచి ఏడుస్తూనే ఉన్నాడు. ఇవేవీ కారణాలు కావు. ఆవిడ అడగడం ఆగితే చాలనిపించింది.

"వేశాడత్తయ్యా. రెండడుగులు."

"నిజంగానే! ఏ కాలు ముందేసేడు?"

"కుడికాలే."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, మావయ్యగారికి కేకేశారు. "ఏటండీ, యిన్నారా? మనవడు నడిసేసేడు!" ఆ గొంతులో సంతోషం విన్నాక, అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నకే ఆవిడ పంతులుగారిని అడిగి మంచిరోజు పెట్టించేశారు. అరిసెలు వండి, తెల్లగుడ్డ మీద పరిచి, వాటి మీదుగా బాబును నడిపించి అందరికీ పంచాలి. పెద్ద మనవడు కదా, ఇంట్లో నలుగురి మధ్య చేస్తే ఒప్పుకోనన్నారు. "సుట్టాలందర్నీ పిలుత్తన్నాను. ఏర్పాట్లు నువ్వు సూసుకో. సదువుకున్నదానివి" అన్నారు.

చూసుకున్నాను. డిగ్రీలో ఉన్నప్పుడు కాలేజీ వార్షికోత్సవం నా చేతుల మీదుగా జరిగింది. ఆ అలవాటుతో ఒక నోట్‌బుక్ తీశాను. మా ఇంటి డాబా మీద షామియానా. ఎండ ఏ వేళకు ఏ మూలకు వస్తుందో రెండు రోజులు చూసి కుర్చీలు ఎటు వేయాలో గీసుకున్నాను. మెట్లెక్కలేని పెద్దవాళ్ళకు కింద వరండాలో రెండు మంచాలు. నీళ్ళ క్యాన్లు. చెప్పులు విడిచే చోటు. కరెంటు పోతే మైకు ఎలా అన్నది కూడా రాశాను. అసలు మైకు అవసరమే లేదు. రాస్తున్నంతసేపూ మనసు కుదురుగా ఉండేది, అందుకని రాస్తూనే ఉండేదాన్ని.

బాబు నడవడం ఒక్కటే ఆ పుస్తకంలో రాయలేదు.

మధ్యాహ్నాలు మా ఆయన లేనప్పుడు నేల మీద దుప్పటి పరిచి, బిస్కెట్లు వరసగా పెట్టేదాన్ని. బాబును మొదటి బిస్కెట్ మీద నిలబెట్టి నెమ్మదిగా చేతులు వదిలేదాన్ని. చతికిలబడేవాడు. కింద ఉన్న బిస్కెట్ తీసి తినేవాడు. తిని, రెండోదాని కోసం పాక్కుంటూ వెళ్ళి నావైపు చూసి నవ్వేవాడు. అలా పది రోజులు. ఒకరోజు వాడి కాళ్ళు గట్టిగా పట్టుకుని "నిలబడరా" అని అరిచాను. భయపడి వాడు నా మెడనే కరుచుకున్నాడు.

ఫంక్షన్‌కు ముందురోజే అత్తగారు బెల్లం దిమ్మ, తడిపి దంచిన బియ్యప్పిండి పట్టుకుని దిగారు. వెనకే ఎలమంచిలి నుంచి ఆవిడ అక్క, మాకు పెద్దత్త. డాబా మీద పొయ్యి పెట్టారు. పాకం దగ్గర ఇద్దరికీ మొదలైంది.

"ముదిరిపోతంది, దించెయ్యే" అంది పెద్దత్త.

"నీ పాకం సంగతి నాకు తెలీదేటి? నీ కూతురి పెళ్ళికి వండిన అరిసెలు సుత్తి పెట్టి కొట్టుకు తిన్నాం."

"తిన్నావు కదా మరి! ఒకటి కూడా ఒగ్గలేదు."

నేనూ నవ్వాను. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి చూశారు. అది ఉండ కట్టింది. బాబు అత్తగారి ఒళ్ళో కూర్చుని పిండి పిసుకుతున్నాడు. ఆవిడ వాడి పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంటున్నారు. ఇప్పుడు చెప్పేయాలి, ఇప్పుడే చెప్పాలి అని నాలో నేను అనుకుంటూనే, అరిసెలు వత్తే చెక్కలు అందించాను.

"మీ ముందు వేస్తాడో లేదో అత్తయ్యా. కొత్త మనుషుల్ని చూస్తే బెదురు" అన్నాను.

"బెదిరితే మనం లేమేటి?" అన్నారు.

ఫంక్షన్ అనుకున్నట్టే జరిగింది. అంతకన్నా బాగానే జరిగింది. ఎండ రాలేదు, కరెంటు పోలేదు, టిఫిన్లు వేడివేడిగా అందాయి. తెల్లగుడ్డ మీద అరిసెలు రెండు వరసలుగా పరిచారు. బాబు కాళ్ళకు పసుపు రాశారు. పెద్దత్త హారతి పళ్ళెం పట్టుకుంది. నేను వెనక నుంచి వాడి చంకల కింద చేతులు వేసి, బరువంతా నేనే మోస్తూ, ఒక్కో పాదాన్నీ ఒక్కో అరిసె మీద ఆనించుకుంటూ వెళ్ళాను. పిల్లల్ని అలాగే పట్టుకుని నడిపిస్తారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. నడుము విరిగిపోతోంది. మా ఆయన ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. తరవాత చూస్తే అందులో పాదాలే ఉన్నాయి. చిన్న పసుపు పాదాలు, ఒకదాని తరవాత ఒకటి. చూసినవాళ్ళెవరైనా నడుస్తున్నాడనే అనుకుంటారు. నేనూ ఒక క్షణం అలాగే అనుకున్నాను.

"ఎంత పద్ధతిగా సేసేవే! మా ఇంట్లో పెళ్ళి కూడా నీకే ఒప్పజెప్పేత్తాను" అంది పెద్దత్త. అందరూ చేతుల్లో అరిసెల పొట్లాలతో మెట్లు దిగారు.

ఆ తరవాత నెల గడిచింది. రెండు నెలలు. బాబు నడవలేదు. డాక్టరుకు చూపిద్దామని నేనంటే మా ఆయన వీడియో చూపించేవారు. "వేశాడు కదా. నువ్వే చూశానన్నావు. మళ్ళీ వేస్తాడులే, బద్ధకం. నేనూ ఆలస్యమేనట." అత్తగారు ఇంకోమాట అనేవారు. "అంతమంది కళ్ళు పడ్డాయి. దిష్టి." వచ్చినప్పుడల్లా ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేవారు. నల్లదారం కట్టారు. నా భయం ఎవరికి చెప్పినా ఆ రెండడుగుల దగ్గర ఆగిపోయేది. వాటిని వేయించింది నేనే.

మూడో నెలలో బాబు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోవడం చూసి మా ఆయన తనే విశాఖపట్నంలో పిల్లల నరాల డాక్టరు దగ్గర పేరు రాయించారు. అత్తగారు కూడా వచ్చారు. డాక్టరు బాబును బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టి చూశారు. ఆపైన కాగితం తీశారు.

"నడక ఎప్పుడు మొదలుపెట్టాడు?"

"పదారో నెల్లోనే రెండడుగులేసేడు బాబూ" అన్నారు అత్తగారు. "అరిసెలు కూడా పంచేం. తర్వాతే దిష్టి తగిలింది."

డాక్టరు రాసుకుంటున్నారు. "అంటే వచ్చిన నడక పోయిందన్నమాట. అలాగైతే చేయాల్సిన పరీక్షలు వేరే ఉంటాయి. పిల్లాణ్ణి మత్తులో ఉంచి చేయాలి." తలెత్తి నన్ను చూశారు. "మీరు స్వయంగా చూశారా అమ్మా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మా ఆయన బాబు చొక్కా గుండీలు పెడుతున్నారు.

"లేదండీ" అన్నాను. "వేయలేదు. ఒక్కసారి కూడా వేయలేదు."

మా ఆయన చేతులు గుండీ దగ్గరే ఆగిపోయాయి. డాక్టరు రాసింది కొట్టేసి మళ్ళీ రాశారు. "పిల్లాణ్ణి ముందే తీసుకురావాల్సిందమ్మా" అని మాత్రం అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

తిరుగు బస్సులో అత్తగారు బాబును ఒళ్ళో పడుకోబెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మా ఆయన వేరే సీట్లో కూర్చున్నారు. అనకాపల్లిలో బస్సు దిగాక ఆవిడ బాబును నాకు ఇవ్వలేదు, భుజాన వేసుకునే నడిచారు. మా వీధి మలుపులో ఒక్కసారి ఆగారు.

"రోజూ అడిగేను కదే" అన్నారు. "నేనలా అడక్కపోతే నువ్వు అబద్ధం ఆడేదానివి కాదు."

కాదత్తయ్యా, తప్పు నాదేనని చెప్పాల్సింది. ఆ రోజు నుంచి ఆవిడ ఊరెళ్ళలేదు. మావయ్యగారికి వంట ఎవరు చేస్తున్నారో నేను అడగలేదు. డాక్టరు చెప్పిన కసరత్తుకు పూటకు మూడుసార్లు బాబు కాళ్ళు ఎలా వంచాలో, ఎంతసేపు పట్టి ఉంచాలో ఆవిడ నాకన్నా ముందే నేర్చుకున్నారు. నడుస్తాడా అంటే డాక్టరు ఇప్పుడే చెప్పలేమన్నారు. మా ఆయన నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు. ఆ వీడియో ఫోన్‌లోంచి తీసేశారు.

నిన్న ఎలమంచిలి పెద్దత్త ఫోన్ చేసింది. పరుగులు పెడతన్నాడా అని అడిగింది. అత్తగారు ఫోను నా చేతికిచ్చి పక్కనే నిలబడ్డారు. "ఇంకా నడవలేదు పెద్దత్తా, అసలెప్పుడూ నడవలేదు" అని చెప్పాను. అత్తగారు కింద కూర్చుని బాబు కాళ్ళు వంచడం మొదలుపెట్టారు.