పిలుపుకు చెదిరే అలలు

మా గవర్నర్‌పేట ఆసుపత్రిలో మెదడు పరీక్ష చేసే శౌరమ్మగారితో ఎవరూ రెండు మాటలు ఎక్కువ మాట్లాడరు. నేను ఎదురు బల్ల దగ్గర టోకెన్లు ఇస్తాను కాబట్టి మాట్లాడక తప్పదు. నూనె ఉంటే తలకి వైర్లు అతుక్కోవని, నూనె రాసుకొచ్చిన వాళ్లని కసిరి పంపేస్తుందని ఆవిడకి గయ్యాళి అని పేరు. నోరు పెద్దదే, కాదనను. కానీ భర్త ఇశ్రాయేలు పోయాక ఆరేళ్లుగా భవానీపురంలో ఒంటరిగా ఉంటూ, మధ్యాహ్నం ఆ వైర్ల మధ్యే క్యారేజీ విప్పుకుని తినే మనిషిని గయ్యాళి అనడానికి నాకు నోరు రాదు.

మొన్న మంగళవారం చల్లపల్లి నుంచి బసవయ్యను తెచ్చారు. గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది గానీ, ఇరవై రోజులుగా కళ్లు తెరవలేదు. పిలిస్తే మెదడు పలుకుతోందో లేదో చూడమన్నారు డాక్టరుగారు. దాన్ని బట్టే వైద్యం కొనసాగించడమా, ఇంటికి తీసుకెళ్లిపోవడమా అన్నది. భార్య రావమ్మ ఒక్కతే వెంట ఉంది. తల పట్టుకోవడానికి శౌరమ్మగారు నన్ను లోపలికి పిలిచింది.

తలకి వైర్లు అతికించాక మిషను తెర మీద పెద్ద పెద్ద అలలు లేచాయి. నింపాదిగా, నుదుటి వైపు నుంచి వెనక్కి సాగిపోతున్నాయి. ఎవరూ పిలవకపోయినా మెదడు తనంతట తానే అలా కదులుతుందట. గాఢనిద్రలో మనందరికీ అంతేనట. పిలుపు లోపలికి చేరితే మాత్రం ఆ అలలు చెదరాలి.

"బసవయ్యగారూ" అని రూలు ప్రకారం మూడుసార్లు గట్టిగా పిలిచింది. అలలు వాటి దారిన అవి పోయాయి. రావమ్మను పిలవమంది. ఆవిడ చెంపలేసుకుని, నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి మొగుడి పేరు గొణిగింది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని భయం. ఇంకేం మిగిలిందని తగ్గడానికి, నా మొహం! అలలు చెదిరితేగా. చెదరలేదని రాయడానికి శౌరమ్మగారు పెన్ను తీసింది.

"ఆ పేరుతో నేనెప్పుడు పిలిచానమ్మా, ఆయన పలకడానికి?" అంది రావమ్మ. వంగి, వంటింట్లోంచి పిలిచినట్టు మామూలుగా అంది: "ఇదుగో, మిమ్మల్నే. అన్నం చల్లారిపోతంది."

పెద్ద అలలు ఒక్కసారిగా పోయి, గీతలన్నీ సన్నగా వణికాయి. కాసేపే. మళ్లీ పిలిచింది, మళ్లీ చెదిరాయి. డాక్టరుగారు వచ్చి చూసి, వైద్యం కొనసాగిద్దామన్నారు. రావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వాళ్లు వెళ్లాక శౌరమ్మగారు వైర్లు తుడవకుండా కూర్చుండిపోయింది. మంచి పని చేశారండీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇశ్రాయేలు ఇలాగే స్పృహ లేకుండా ఉన్నప్పుడు ఇదే గదిలో తనే పరీక్ష చేసిందట. ఇంటి మనిషని పక్షపాతం చూపించిందని ఎవరూ అనకూడదని, రోగులందరినీ పిలిచినట్టే పేరు పెట్టి, గారు చేర్చి పిలిచిందట. అలలు చెదరలేదని తనే రాసి, తనే సంతకం పెట్టిందట. ఆ కాగితం చూసే వైద్యం ఆపేశారట.

ఇంట్లో ఎలా పిలిచేవారని అడిగాను.

"ఏమయ్యా అనేదాన్ని," అంది. "ఆ రోజు ఒక్కసారి కూడా అనలేదు."