అభ్యంతరం లేదని రాసిన కాగితం

మస్కట్ పోవాలంటే ఆళ్ళగడ్డ మీదుగా పోవాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నా చెల్లెలు నూర్జహాన్ మస్కట్‌లో నర్సు. దాని కూతురు రేష్మకు పన్నెండేళ్ళు. ఏడేళ్ళుగా మా ఊరు జూపాడు బంగ్లాలో నా దగ్గరే పెరుగుతోంది. ఈ ఎండాకాలం సెలవులయ్యాక పిల్లను తన దగ్గరికి తెప్పించుకుని అక్కడి బడిలో చేర్చాలని చెల్లెలు వీసాకు పెట్టింది. అన్నీ అయ్యాయనుకున్నాక వీసా ఆఫీసువాళ్ళు ఒక మెలిక పెట్టారు. పిల్లను పంపడానికి తండ్రి ఒప్పుకుంటున్నట్టు స్టాంపు పేపరు మీద రాయించాలి. నోటరీ ముందు సంతకమూ వేలిముద్రా వేయించాలి. మంగళవారం లోగా పంపాలి. లేకుంటే మళ్ళీ మొదటికి.

తండ్రి పేరు కాశిం. ఆళ్ళగడ్డలో రాతిపని చేస్తాడు. తాగుడు పడలేకనే చెల్లెలు పిల్లను తీసుకుని వచ్చేసింది. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం అతను జామకాయల సంచితో మా గేటు దగ్గర నిలబడితే, "ఇంకోసారి ఈ పక్కకు వస్తే కాళ్ళు విరగ్గొడతా" అని నేనే తరిమేశాను. రేష్మ అప్పుడు బడిలో ఉంది. ఆ సంగతి దానికి చెప్పలేదు. ఇప్పుడు అదే మనిషి ముందు చెయ్యి చాపాలి. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, పంతులమ్మను నేనెంత! ఆదివారం ఫోన్ చేసి సంగతి చెబితే "రండి వదినా" అని ఒక్క ముక్క అని పెట్టేశాడు. ఆ ఒక్క ముక్కను నేను నమ్మలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి, పొద్దున ఆరుంబావుకు రేష్మతో బస్సెక్కాను. జూపాడు బంగ్లా నుంచి ఆత్మకూరు, అక్కడ మారి నంద్యాల, మళ్ళీ మారి ఆళ్ళగడ్డ. మూడు బస్సులు. ఆడవాళ్ళకు ఉచితమే గానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. కండక్టర్ ఇద్దరివీ చూసి, "పాపకు నువ్వేమవుతావమ్మా?" అన్నాడు. "పెద్దమ్మను" అన్నాను. సున్నా టికెట్లు రెండు చింపి ఇచ్చి ముందుకు పోయాడు. దేశం దాటితే తప్ప తండ్రి ఒప్పుకున్నాడా అని అడిగేవాళ్ళు లేరన్నమాట.

ఆత్మకూరులో టీ తాగి ఏడుంబావు బస్సు పట్టుకున్నాం. వెలుగోడు దాటాక ఒక ముసలమ్మ మిరపకాయల సంచితో వచ్చి మా పక్కన ఇరుక్కుంది. బండి ఆత్మకూరు దగ్గర ఆమె ఊరు. సర్దుకుని కూర్చోకముందే విచారణ మొదలుపెట్టింది.

"పిల్లను యాడికి తోలుకపోతాండావమ్మా?"

"వాళ్ళ నాయన దగ్గరికి."

"మంచి పని చేస్తాండావ్. పిల్లోళ్ళు నాయన కాడికి పోవాల" అని ఆమె రేష్మ తల నిమిరింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఏం చెప్పమంటారు? నాయన దగ్గరికి పోతున్నది నాయన నుంచి దూరంగా పంపే కాగితం కోసమని చెప్పమంటారా?

తొమ్మిదికి నంద్యాల. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. వేడిగా ఉంది, కారం కూడా మొహమాటం లేకుండా వేశాడు. రేష్మ రెండు బజ్జీలు తిని, "పెద్దమ్మా, ఆయన ఒప్పుకోకపోతే?" అంది. "ఒప్పుకోకపోతే నేనున్నా గదా" అన్నాను. నేనుండి ఏం చేస్తానో నాకే తెలియదు. తొమ్మిదీ నలభైకి ఎక్కి, శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డలో దిగేసరికి పదకొండు కావస్తోంది. దారి పొడవునా నేను నోట్లోనే వాదన సిద్ధం చేసుకున్నాను. బతిమాలడం ఒకటి, దులపడం ఒకటి.

శిల్పాల షెడ్లు రోడ్డు పక్కనే. ఆటోకు మనిషికి ఇరవై. మిషన్ల రొదకు చెవులు గింగురుమన్నాయి. తలలేని నందులు, సగం లేచిన దేవతలు వరసగా నిలబడి ఉన్నారు, అందరి మీదా తెల్లటి పొడి. ఆ పొడిలోనే కాశిం గొంతుక్కూర్చుని ఒక శంకుస్థాపన రాయి మీద అక్షరాలు చెక్కుతున్నాడు. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. ఎడమచేత ఉలి, కుడిచేత సుత్తి. ఒక్కో వరుస మొదలుపెట్టే ముందు గీసిన అక్షరాల కింద వేలు పెట్టి పైకి చదువుకుంటున్నాడు.

"రాయి మీద తప్పు పడితే చెరిపేది ఉండదు వదినా. సదువుకోని కొట్టాల" అన్నాడు నన్ను చూసి, నిన్ననే కలిసినట్టు. తర్వాత నా వెనక ఉన్న రేష్మను చూశాడు. సుత్తి కింద పెట్టి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, మళ్ళీ ఒకసారి కడుక్కుని, అయినా పిల్లను ముట్టుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచాడు.

"తిన్నావా పాపా?"

"తిన్నా. ఉగ్గాని."

"బజ్జీలు?"

"రెండు."

పెద్ద శుభవార్త విన్నట్టు తల ఊపాడు. నేను గాలి పీల్చి చూశాను, అబద్ధమెందుకు. సారా వాసన రాలేదు.

అక్కడి నుంచి ముగ్గురం నోటరీ దగ్గరికి పోయాం. కోర్టు దగ్గర రేకుల షెడ్డు. తలనెరిసిన లాయరు, నోట్లో వక్క. వంద రూపాయల స్టాంపు పేపరు మీద వీసా ఆఫీసువాళ్ళు పంపిన నమూనా ప్రకారమే టైపు కొట్టించాడు. కాశిం కాగితాన్ని బల్ల మీద పరచుకుని, వరుస కింద వేలు పెట్టి, రాయి మీద చదివినట్టే పైకి చదివాడు. "నా కుమార్తె రేష్మ తన తల్లి వద్దకు మస్కట్ వెళ్ళుటకు, అక్కడ నివసించుటకు నాకు ఎటువంటి అభ్యంతరము లేదు." వేలు అక్కడే ఆగింది.

"ఇది తప్పు సార్."

"ఏందప్పా తప్పు? పేరా?"

"పేరు కాదు. అభ్యంతరం లేదని కొట్టినారు. నాకు ఉండాది గదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతిమాలే పాఠం మరిచిపోయి దులిపే పాఠం అందుకున్నాను. "ఏడేళ్ళు లేని అభ్యంతరం ఇప్పుడు పుట్టుకొచ్చిందా కాశిం? జ్వరమొస్తే వచ్చినావా? ఫీజు కట్టినావా?"

"పంపనని నేను అనలా వదినా. పంపుతా. 'అభ్యంతరం ఉండాది, ఐనా పంపుతాండా' అని రాయమను. సంతకం పెడతా."

"అట్ల రాస్తే ఆ కాగితం చెల్లదప్పా" అన్నాడు లాయరు.

"ఉన్నది లేదని ఎట్ల పెట్టేది సార్?"

అప్పుడు రేష్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. పొద్దున్నుంచి అతణ్ణి ఏమనీ పిలవలేదు అది.

"ఏం అభ్యంతరం? నాకు చెప్పు నాయనా. కాగితానికెందుకు చెప్పేది?"

కాశిం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు జూపాడు బంగ్లాలో ఉంటే, మూడు బస్సులెక్కితే సూడొచ్చులే అని ఒక ధైర్యం ఉండె. ఎక్కలా, అది యేరే మాట. ఐనా ఉండె. ఆడికి బస్సు లేదు గదా పాపా."

ఎక్కలేదట! నా వైపు చూడను కూడా చూడలేదు. జామకాయల సంచి నా కళ్ళ ముందుకొచ్చింది. నా తప్పును ఆ మనిషి తన మీద వేసుకుంటుంటే ఊరుకోవడానికి నేను రాయిని కాదు.

"ఎక్కినాడు రేష్మా" అన్నాను. "ఒకసారి వచ్చినాడు నీ కోసం. నువ్వు బడిలో ఉంటివి. నేనే గేటు దగ్గరి నుంచి తరిమేసినా."

అది నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తండ్రి వైపు తిరిగి, "నీ అభ్యంతరం విన్నా నాయనా. సెలవులకు వచ్చినప్పుడు నేనే ఎక్కుతా ఆ బస్సులు" అంది.

"విన్నావా?"

"విన్నా."

"అయితే సరే" అని కాశిం పెన్ను తీసుకున్నాడు. ఒక్కో అక్షరం చెక్కినట్టు సంతకం పెట్టాడు.

గండం గడిచిందనుకుంటే అప్పుడొచ్చింది వేలిముద్ర. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద పెడితే నున్నటి మచ్చ పడింది. ఒక్క గీత లేదు. తెల్లకాగితం మీద మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ మచ్చే. కుడి బొటనవేలూ అంతే. ఇరవై ఏళ్ళు రాయిని అరగదీసినవాడి వేళ్ళను రాయి మాత్రం వదిలిపెడుతుందా?

"ముద్ర తెలవకుంటే నేను సీలు వేయను. రేపు 'ఇది నా ముద్ర కాదు' అని ఈయనే అంటే?" అన్నాడు లాయరు. గోడ మీద గడియారం ఒంటిగంట దాటింది.

"రేషన్‌కాడ గూడా ఇదే గోల సార్" అన్నాడు కాశిం నెమ్మదిగా. "కుడిచెయ్యి చిటికెనవేలు పడతాది. సుత్తి పట్టుకునేటప్పుడు అదొక్కటి పక్కకు ఉంటాది."

చిటికెనవేలు పెట్టాడు. గీతలు స్పష్టంగా, సుడి తిరిగి పడ్డాయి. ఫారంలో బొటనవేలు అని ఉందని లాయరు గొణిగాడు. మిగతా వేళ్ళు పనిలో అరిగాయని పక్కన రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించేదాకా నేను ఆయన్ను వదల్లేదు. ఆయన ఫీజు మూడు వందలు. పక్క షాపులో స్కాన్ తీయించి అక్కడి నుంచే వీసా ఆఫీసుకు పంపించేశాను. అసలు కాగితం నా సంచిలో పెట్టుకున్నాను.

సంగటి, కోడికూర తిని బస్టాండుకు నడిచాం. చెయ్యి కడిగినా కాశిం వేళ్ళకు ఊదారంగు సిరా వదల్లేదు. రోడ్డు దాటేటప్పుడు కాశిం కుడిచేతి చిటికెనవేలు ఒక్కటే చాపాడు. "సిన్నప్పుడూ ఇదే పట్టుకోని నడుస్తాంటివి. తక్కినవి గీసుకుంటాయి" అన్నాడు. రేష్మ ఎడమచేత్తో దాన్ని పట్టుకుంది. రోడ్డు దాటాక కూడా వదల్లేదు.

బస్సెక్కే ముందు, "ఈసారి వస్తే గేటు దగ్గర నిలబడద్దు, లోపలికి రా" అన్నాను.

"కాళ్ళు విరగ్గొట్టవు గదా వదినా?" అన్నాడు. ఆ రోజు అతను నవ్వింది అప్పుడే. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడింటి బస్సుకు బయల్దేరి నాలుగుంబావుకు నంద్యాలలో దిగాం. హోటల్లో దోసె చెప్పి, చెయ్యి కడుక్కుని రమ్మంటే రేష్మ కుడిచెయ్యి ఒక్కటే కడుక్కుంది. ఎడమ అరచేతిలో ఊదారంగు సిరా. రెండో చెయ్యి కూడా కడుక్కోమని అనబోయి ఊరుకున్నాను.

ఇలాంటి పని మీద పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. స్టాంపు పేపరు ఒకటి ఎక్కువ కొనుక్కోండి. ఆ మనిషి చేతిపని చేసేవాడైతే బొటనవేలును నమ్ముకోకండి, పది వేళ్ళూ అడగండి. పిల్లను వెంట తీసుకుపోండి. నేను తీసుకుపోకుంటే ఆ కాగితం మీద సంతకం పడేది కాదు, పడినా అబద్ధమయ్యేది.

ఆత్మకూరు బస్సు వెలుగోడు దాటుతుండగా మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది.

"కాగితం అందిందంట అక్కా! సంతకం పెట్టినాడా నిజంగా?"

"పెట్టినాడు."

"అభ్యంతరమేమన్నా చెప్పినాడా?"

రేష్మ నా భుజం మీద తల పెట్టి కిటికీలోంచి చూస్తోంది. ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పినాడు నూరీ" అన్నాను. "మేమిద్దరం విన్నాం."