తోక మునగని పడవ

ఈ సాయంత్రం పాప స్నానాల గదిలో ప్లాస్టిక్ తొట్టిని బోర్లించి, దాని అడుగు మీద అరచేతులతో దబదబా వాయించింది. పప్పుకు తిరగమోత వేస్తున్నదాన్ని గరిటె వదిలేసి పరుగెత్తాను. ఏమీ కాలేదు, ఆడుకుంటోంది. తడి ప్లాస్టిక్ మీద అరచెయ్యి పడితే వచ్చే ఆ బోలు చప్పుడుకు నా కాళ్ళు నన్ను అడగకుండానే కదులుతాయి. వాటికి ఆ అలవాటు చేసింది సుజాతక్క. పాప పుట్టేనాటికే ఆమె లేదు.

సుజాతక్కది వడమాలపేటలో మా వీధే. వయసులో ఉండగా ఉత్తరాది కొండల్లోకి వెళ్ళి, నదుల్లో జనాన్ని రబ్బరు తెప్పల మీద తిప్పేవాళ్ళ దగ్గర పనిచేసింది. తెప్ప తిరగబడితే మనుషుల్ని ఏరుకు రావడానికి పక్కనే కయాక్‌లో, అంటే ఒక్క మనిషి పట్టే చిన్న పడవలో, వెళ్ళేది. భుజం కీలు మాటిమాటికీ జారడం మొదలయ్యాక ఆ పని మాని ఊరికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్నది రెండు పొట్టి కయాక్‌లు. వాటిని లారీ నుంచి దించుతుంటే ఎదురింటి మామ చుట్టూ తిరిగి చూశాడు.

“ఏం సుజాతా, ఆవులకు కుడితి పోసే తొట్టి మాదిరి ఉండాదే?”

“నువ్వు తాగుతానంటే పోస్తాలే మామా.”

అవి దూరాలు పోవడానికి చేసిన పడవలు కావు, నీళ్ళతో ఆడుకోవడానికి చేసినవి. లోపల గాలికి చోటు చాలా తక్కువ. మామూలు పడవ మునగకూడదు. ఇది మనిషి చెప్పినప్పుడు మునగాలి. అక్క వెనక్కి వాలి తెడ్డుతో ఒక్కసారి నొక్కితే తోక నీళ్ళలోకి దిగిపోయేది, ముక్కు ఆకాశంలోకి లేచేది. అలా నిలబెట్టి బొంగరంలా తిప్పేది. ఆ వెంటనే ముక్కు, తోక, ముక్కు, తోక, బండిచక్రం దొర్లినట్టు. “ఇది నా ఒంటికి కొలతేసి కుట్టిన రవిక మాదిరి మే. రొండు ముద్దలు ఎక్కువ తిన్నా దీనికి తెలిసిపోతాది,” అనేది.

స్వర్ణముఖి ఏట్లో నీళ్ళు తుపానులొచ్చినప్పుడే. మిగతా రోజుల్లో అక్కవాళ్ళ చేలోని పెద్ద బావే మా నది. అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. కుక్కలన్నా లిఫ్టులన్నా భయం, నీళ్ళంటే మరీ. ఆ మాటే చెప్పాను.

“భయం ఉంటే ఉండనీ అమ్మణ్ణీ. పడవలో దానికి గూడా చోటుండాది. ఎక్కు.”

మొదట నేర్పింది తలకిందులు కావడం. పడవ తిరగబడితే తెడ్డుతో నీళ్ళను తోసి, నడుము తిప్పి మళ్ళీ పైకి లేవాలి. చేతకాకపోతే నీళ్ళ పైకి తేలిన పడవ అడుగును అరచేతులతో తట్టి, చేతులు బయటికి చాచి ఆగాలి. పక్కవాళ్ళు తమ పడవ ముక్కును ఆ చేతికి అందిస్తారు. దాన్ని పట్టుకుని లేవాలి. నేను మునగీ మునగకముందే తట్టేదాన్ని. అక్క పడవ ముక్కు ప్రతిసారీ వచ్చేది. ఒకరోజు మాత్రం కంగారులో తట్టడమే మరిచిపోయాను. కొట్టుకుని కొట్టుకుని, ముక్కులో నీళ్ళతో, నోట్లో జుట్టుతో పైకి వచ్చేసరికి ఆమె ఎదురుగా తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“సస్తా ఉంటే సూస్తా కూర్చున్నావా?” అని అరిచాను.

“తట్టినావా?”

“లేదు.”

“మరి? తట్టకముందే నేనొస్తే నీకు లేసేది ఎప్పుటికీ రాదు. తట్టినంక రాకపోతే నేను మనిషినే కాదు.”

అప్పటికి గానీ నాకు తెలియలేదు, నేను నా అంతట నేనే లేచానని.

ఒక తుపాను తర్వాత స్వర్ణముఖికి నీళ్ళొస్తే పడవలు ఆటోలో వేసుకుని వెళ్ళాం. వంతెన కింద అల మీద అక్క పడవను తోక మీద నిలబెడితే పైనున్న జనం ఈలలు వేశారు. కాస్త ఎగువన చెక్‌డ్యామ్ మీదుగా నీళ్ళు అద్దంలా నున్నగా జారుతున్నాయి. “ఆడ దూకు సూద్దాం!” అని ఎవరో కేక వేశారు. అక్క అటు తల కూడా తిప్పలేదు. నాతో మాత్రం చెప్పింది: “ఆడ కింద పడిన నీళ్ళు మళ్ళీ ఎనక్కే తిరుగుతాయి. మనిషిని పట్టుకుంటే వదలవు. ఆడ ఎంత తట్టినా ఎవురూ రాలేరు.”

నా పెళ్ళయిన ఏడాది ఆమెకు కడుపులో జబ్బు బయటపడింది. ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూనే ఒకరోజు, “బావికాడికి పోదాం పా,” అంది. చొక్కా ఆమె భుజాల మీద హ్యాంగరుకు తగిలించినట్టుంది. ఎప్పటిలాగే వెనక్కి వాలి, తెడ్డుతో నొక్కింది. తోక మునగలేదు. మళ్ళీ నొక్కింది. పడవ ఎండు కొబ్బరిచిప్పలా నీళ్ళ మీదే ఊగింది. దాన్ని ముంచడానికి ఆమెలో బరువు మిగల్లేదు.

కాసేపు తోకవైపే చూసి నవ్వింది. “సూసినావా మే? డాక్టరు ఇంకా నాన్చతా ఉండాడు. ఇది మొహానే చెప్పేసింది.”

మూడోసారి ఒళ్ళంతా విసిరి నొక్కింది. పడవ బోర్లా పడింది. ఆమె లేవలేదు. అలా లేవలేకపోవడం నేనెన్నడూ చూడలేదు. నా పడవ పక్కనే ఉంది, తెడ్డు చేతిలోనే ఉంది. ఆమె తట్టలేదు. బావిలో చప్పుడన్నది లేదు. ఆమె నేర్పిన మాటకు కట్టుబడి అలా కదలకుండా ఉండటం కన్నా కష్టమైన పని నేను ఇంతవరకూ చేయలేదు. అప్పుడు వినిపించింది, మెల్లగా, ఎవరింటి తలుపో మొహమాటంగా కొట్టినట్టు. ఒక్క ఊపున ముక్కు అందించాను. వేళ్ళు పట్టుకున్నాయి. ఆమె పైకి వచ్చింది.

“వచ్చినావా,” అంది ఆయాసపడుతూ.

“తట్టినావు గదక్కా.”

ఆ వేసవిలోనే ఆమె వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో మంచం పక్కన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ వేళ్ళు నా అరచేతిలో ఊరికే కదిలేవి. తడుతోందో ఏమో. చెక్‌డ్యామ్ దగ్గర చెప్పిన మాట గుర్తొచ్చేది. నా దగ్గర అందించడానికి ఏ పడవ ముక్కూ లేదు.

ఆ రెండు కయాక్‌లూ ఇప్పుడు మా మిద్దె మీద టార్పాలిన్ కింద ఉన్నాయి. పాప విషయంలో మెట్లన్నా, జ్వరమన్నా, చివరికి గొంతుకు అడ్డం పడే ద్రాక్షపండన్నా నాకు భయమే. పాప పిలవకముందే ఉరుకుతానని ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. ఈ సాయంత్రం పాప బోర్లించిన తొట్టిని తిప్పి నాచేత నీళ్ళు పట్టించుకుంది. “అమ్మా, నేను మొగం ముంచుతా. నువ్వు పట్టుకోవద్దు,” అని ముంచేసింది. బుడగలు వచ్చాయి. జుట్టు నీళ్ళ మీద పరుచుకుంది. బుడగలు ఆగాయి. దాని రెండు చేతులూ తొట్టి అంచు మీద ఉన్నాయి. అవి తట్టలేదు. నా చెయ్యి దాని వీపుకు జానెడు పైన ఆగిపోయింది.

పాప తలెత్తింది. దగ్గింది, కళ్ళు తుడుచుకుంది, నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

“అమ్మా, నువ్వు రాలేదే!”

“నువ్వు తట్టలేదు కదమ్మా,” అన్నాను. వంటింట్లోంచి తిరగమోత మాడిన వాసన వస్తోంది. నా చెయ్యి ఇంకా గాలిలో చాచే ఉంది.