ముందు దేవదానం సారు చూసి రావాల

ఆళ్లగడ్డలో దేవదానం సారుకు ఒకటే జబ్బు. కూతురు ఎక్కడికి పోవాలన్నా ఆ చోటికి తను ఒకరోజు ముందు పోయి చూసి రావాలి. అది పక్క వీధిలో పెండ్లి అయినా సరే, పొరుగు జిల్లాలో పరీక్ష అయినా సరే. పోయి, నిలబడి, తడిమి, వాసన చూసి, నలుగురిని అడిగి తిరిగొచ్చి, గడపలో చెప్పులు విడుస్తూ ఒక మాట అంటాడు. "సూసొచ్చినా." ఆ మాట వినపడేదాకా ఇంట్లో ఎవరూ సంచి సర్దకూడదు.

సారు మిషన్ బడిలో మూడో తరగతికి పాఠం చెప్పేవాడు. మనిషి సన్నం, గొడుగు లావు. ఆ గొడుగు ఎండకూ వానకూ కాదు, పొడిచి చూడటానికి. బల్ల కనబడితే పొడుస్తాడు, గోడ కనబడితే పొడుస్తాడు. ఒకసారి నంద్యాల రైల్వే గేటు దగ్గర అడ్డంగా పడుకున్న ఎద్దును కూడా పొడిచి చూశాడు. ఎద్దు లేచి ఆయనను తిరిగి పరీక్షించింది. ఆ మచ్చ మోకాలి మీద ఉండిపోయింది.

ఒక్కగానొక్క కూతురు జీవరత్నం. డెబ్బై ఐదులో ఆమె నంద్యాలలో ఇంటర్మీడియట్ చేరింది. మొదటిసారి ఒంటరిగా బస్సెక్కాలి. ముందురోజు సారు అదే బస్సెక్కి, మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుని, శిరివెళ్ల దాటినాక లేచి డ్రైవరు దగ్గరికి పోయాడు.

"అప్పా, ఒక్కతూరి బ్రేకు వెయ్యి. సూస్తా."

ఆ డ్రైవరు కూడా ఏ కళనున్నాడో, వేసి చూపించాడు. బస్సు నిలబడింది. బస్సులో ఉన్నవాళ్లెవరూ నిలబడలేదు. ఎవరిదో గంపెడు వంకాయలు ఇంజను దాకా దొర్లినాయి. తిట్లు తింటూనే సారు వంకాయలన్నీ ఏరిపెట్టి, ఇంటికొచ్చి చెప్పులు విడిచాడు. "సూసొచ్చినా. బ్రేకు బాగ పడ్తాది."

హాస్టలు సంగతి ఇంకా దూరం పోయింది. ఆడపిల్లల హాస్టలు, లోపలికి రానివ్వలేదు. సారు గేటు బయట కాపలా మనిషి గురుస్వామి పక్కన చాప పరుచుకుని, వాళ్ల బావి నీళ్లే తెప్పించుకుని తాగి, రెండు రోజులు తన కడుపు ఏమంటుందో కనిపెట్టాడు. కడుపు ఏమీ అనలేదు. గేటులో వచ్చేపోయేవాళ్లను అడిగి తెలుసుకున్న లోపాలు మాత్రం ఇంటికొచ్చి ఏకరువు పెట్టాడు. బావి గట్టు జానెడు తక్కువ. మెట్లు పద్నాలుగు, పదకొండోది పగిలింది. గురుస్వామి మంచోడే గానీ గురక పెడతాడు, దొంగొస్తే వినపడదు. సాంబార్లో పప్పు ఉన్నట్టు పుకారు, చూసినోళ్లు లేరు.

రత్నానికి తల కొట్టేసినట్టయ్యేది. ఏ చోట కాలుపెట్టినా, "ఓహో, ఆ గొడుగు సారు కూతురివా" అనేవాళ్లు. హాస్టలు పిల్లలకు ఆమె ఒక సినిమా అంత కాలక్షేపం. ఎవరైనా స్నానానికి లేస్తే చాలు, "నిలబడుమే, రత్నం వాళ్ల నాయన సూసొచ్చినాడా?" అని అరిచేవాళ్లు. నాయన తనను నమ్మడనీ, ప్రపంచంలో ఎక్కడ ఏ లోపం దొరుకుతుందా, దాన్ని సాకుగా పెట్టి తనను ఇంట్లో కూర్చోబెడదామా అని వెతుకుతున్నాడనీ ఆమె గట్టి అనుమానం.

ఇదొక్కటి చాలదన్నట్టు ఊళ్లోవాళ్లు కూడా మొదలుపెట్టారు. నూరెకరాల రైతు శేషయ్య. ఆడపిల్లకు ఊరు దాటి చదువేందీ అనే మనిషి. ఆయన భార్య పద్మమ్మ కూతురిని నంద్యాలలో టీచరు ట్రైనింగుకు పంపాలని మూడు నెలలు పోరు పెట్టింది. చివరికి ఒక పొద్దున శేషయ్య స్వయంగా సారు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, ఆ ట్రైనింగు బడి నువ్వు సూసినావా?"

"ఇంకా ల్యా. ఆదివారం గుడిలో ప్రార్థన అయినాక పోయొస్తా."

సోమవారం సారు చెప్పిన తొమ్మిది లోపాలు విని, ఇంతేనా అని శేషయ్య కూతురికి పెట్టె కొనిచ్చాడు. అట్లా ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ఎనభై నాటికి, రత్నం కాక, సారు గొడుగు వెనకాల నంద్యాలకు పోయిన ఆడపిల్లలు పదకొండు మంది. సారు భార్య హన్నమ్మ నవ్వేది. "మూడో తరగతి పిల్లోల్లకు పాఠం యెప్పుడు సెప్తాండావయ్యా నువ్వు?"

ఎనభై మూడు వేసవికి అసలు కష్టం వచ్చింది. రత్నం తిరుపతిలో రాళ్లూ భూమి పొరలూ చదివి ఎమ్మెస్సీ పాసైంది. బెలుం గుహల్లో కొలతలు వేసే ఒక బృందంలో ఆమెకు చోటు దొరికింది. ఇప్పటిలా మెట్లూ దీపాలూ ఉన్న కాలం కాదది. జొన్న చేల నడుమ బావిలాంటి నోరు, నాలుగు నిలువుల లోతు, కింద చీకటి. ఆ చీకటి ఎంత దూరం పోతుందో చెప్పినవాడు లేడు. మేకపిల్ల పడితే మళ్లీ రాలేదని ఒకరు, సాధువు దిగితే కాశీలో తేలాడని ఒకరు.

బృందానికి పెద్ద సుందరరాజు. మంచివాడే కానీ కాగితం మనిషి. పెండ్లి కాని ఆడపిల్లను దింపాలంటే తండ్రి సంతకం కావాలన్నాడు. సోమవారం లోగా సంతకం రాకపోతే ఇంకొకరిని దింపి, రత్నాన్ని పైన గొడుగు కింద కూర్చోబెట్టి లెక్కలు రాయిస్తానన్నాడు.

గొడుగు అన్న మాట వినగానే రత్నానికి ఒళ్లు మండింది. ఇంటికొచ్చి కాగితం నాయన ముందు పెట్టింది. హన్నమ్మ ఆ కాగితాన్ని పామును చూసినట్టు చూసింది. "వద్దు. పెండ్లికావల్సిన పిల్ల, ఆ బొక్కలో దిగేదేందీ?"

"నేను దిగకపోతే ఇంతకాలం చదివింది ఎందుకు నాయనా?" అంది రత్నం.

సారు కాగితం రెండుసార్లు చదివాడు. మూడోసారి అద్దాలు తుడుచుకుని చదివాడు. తర్వాత గొడుగు తీసుకున్నాడు.

శనివారం తెల్లవారి బయలుదేరి, కోయిలకుంట్లలో బస్సు మారి, పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. చొక్కా నిండా ఎర్రమన్ను. చెప్పులు విడిచాడు.

"సూసొచ్చినా."

"ఎట్లుంది?" అంది హన్నమ్మ.

"మన గుడి ఉండ్లా, అట్ల. ఇశాలంగా ఉంది. గాలి ఆడతాంది."

"పాములు?"

"ఒకటుండె. పాయె."

"లోపం ఏమీ ల్యాదా?"

"ల్యా," అన్నాడు సారు, సంతకం పెట్టేశాడు. 'దేవ' ఒక గీతలో, 'దానం' ఇంకో గీతలో పడింది.

రత్నం గెలిచింది. అయినా ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. లోపం లేని చోటును నాయన పుట్టినప్పటి నుంచి చూడలేదు. ఆయన దృష్టిలో కొత్త చర్చికి కూడా ఏడు లోపాలున్నాయి.

సోమవారం రత్నం బుట్టలో కూర్చుని దిగింది. బావుల పూడిక తీసే యోబు, అతని మనుషులు మోకు వదిలారు. నాయనా వచ్చాడు. అన్నం క్యారియరు ఒక చేత, గొడుగు ఒక చేత. బుట్ట చీకట్లో కలిసేదాకా చూసి, రత్నం పొద్దున అంచనాగా చెప్పిన దారి గుర్తు చేసుకున్నాడు. నోటి నుంచి తూర్పుగా నూటాఇరవై అడుగులు, తర్వాత దక్షిణం. ముందు పోలేడు, పక్కన పోలేడు. కాబట్టి పైన పోవడం మొదలుపెట్టాడు. కోసిన జొన్న చేలో తల వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ, అక్కడక్కడా ఆగి గొడుగుతో నేలను పొడుస్తూ.

ఆ సీమలో అట్లా నడిచే మనిషి ఒక్కడే ఉంటాడు. నేలలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాడు. మూడేండ్లుగా బావులెండిన ఊరది. చేను యజమాని రామయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక తమ్ముడు, వాళ్ల వెనక ఊళ్లో సగం మంది. ఎవరో టెంకాయ కూడా తెచ్చారు. సారు ఆగితే అందరూ ఆగారు, నడిస్తే నడిచారు. ఒకచోట సారు కూర్చుండిపోయి క్యారియరు పక్కన పెట్టుకున్నాడు. రామయ్య అక్కడొక రాయి పాతించాడు.

"ఎన్ని మట్ల లోతులో పడ్తాయప్పా నీళ్లు?" అన్నాడు ఊపిరి బిగబట్టి.

"నీళ్లు కాదప్పా," అన్నాడు సారు. "కింద మా పాప ఉంది."

రామయ్య చాలాసేపు నేలవైపు చూశాడు. తర్వాత ఆయన కూడా కూర్చున్నాడు. తర్వాత అందరూ కూర్చున్నారు.

కింద రత్నం పాకుతోంది. గుడీ లేదు, విశాలం అంతకన్నా లేదు. ఒళ్లంతా బురద, ఊపిరి తీస్తే పొయ్యి ముందు తీసినట్టుంది. దారి చివర ఒక సందు. సుందరరాజు భుజాలు పట్టలేదు, ఇంకొకాయన పొట్ట పట్టలేదు. ఇక్కడితో ఆపేద్దామన్నారు. రత్నం టేపు కొస నడుముకు కట్టుకుని, తల దూర్చి, నాయన పోలిక సన్నదనానికి మొదటిసారి దండం పెట్టుకుని అవతలికి జారింది. లేచి నిలబడింది. లాంతరు ఎత్తింది. కప్పు కనబడలేదు. ఎత్తైన రాతి స్తంభాలు, వంపులు తిరిగిన గోడలు. బృందంలో ఎవరూ అంతకు ముందు చూడని హాలు. కొలవడానికి మూడు టేపుల పొడవు కూడా చాలలేదు. సందుకు ఒక పక్క అడ్డంగా పడిన బండను హాలు వైపు నుంచి తోసేసి, వెనకున్నవాళ్లకూ దారి చేసింది.

చెప్పిన వేళకు గంటన్నర ఆలస్యంగా పైకొచ్చింది. మోకు లాగుతూ యోబు నవ్వాడు.

"నువ్వు గట్టిదానివమ్మా. మొన్న మీ నాయన ఒక్క నిలువు గూడ దిగల్యా. బుట్టలో కండ్లు మూసుకుని, లాగప్పా లాగప్పా అని ఒకటే ప్రార్థన. మూడుతూర్లు దిగినాడు, మూడుతూర్లు అంతే. ఆయప్పకు బాయంటే భయం, చీకటంటే భయం, బస్సంటే గూడ భయమంట గదా."

రత్నం బుట్ట అంచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నంద్యాల బస్సు, పగిలిన పదకొండో మెట్టు, హాస్టలు బావి నీళ్లు, తొమ్మిది లోపాలు, అన్నీ ఒక్కసారిగా వరుస తిరిగాయి. ఇన్నేండ్లలో నాయన వెయ్యి లోపాలు చెప్పాడు. ఒక్కసారి కూడా "వద్దు" అనలేదు. చూడకుండానే వద్దనే తండ్రులు ఊరినిండా ఉన్నారు. ఆ వద్దులను ఆయన గొడుగుతో పొడిచి పొడిచి పడగొట్టాడు, తన బిడ్డకూ, ఇంకో పదకొండు మందికీ. ఈసారి చూడలేకపోయాడు. అయినా చూసొచ్చానన్నాడు.

చేలోకి నడిచిపోయింది. ముప్పై మంది నడుమ నాయన గొడుగు వేసి నేలకు నీడపట్టి కూర్చున్నాడు. గుహ తూర్పు తర్వాత తిరిగింది దక్షిణానికి కాదు, ఉత్తరానికి. ఆయన కాపలా కాసిన చోట కింద ఉన్నది ఉత్త రాయి.

ఆ మాట ఆమె చెప్పలేదు. చెప్పులు విడిచి, ఆయన ముందు నిలబడింది.

"సూసొచ్చినా నాయనా," అంది. "బాగుంది. పోదాం రా."

సారు బుట్టవైపు చూశాడు, ఊరివైపు చూశాడు. రామయ్య టెంకాయ కొట్టేశాడు, ఇంక వెనక్కి తగ్గడానికి లేదు. కూతురు పక్కనే బుట్టలో కూర్చుని, ఈసారి కండ్లు తెరిచే దిగాడు. పాకాడు, బురద మింగాడు, సందులో గొడుగు ఇరుక్కుంటే తిట్టాడు. దాన్ని అక్కడే వదిలేశాడు, జీవితంలో మొదటిసారి.

హాల్లో నిలబడినాక రత్నం లాంతరు ఎత్తి పట్టుకుంది. సారు తల వెనక్కి వంచి కప్పు కోసం వెతికాడు. తర్వాత అద్దాలు తుడుచుకుని అన్నాడు.

"సెప్పినానా ల్యాదా? మన గుడి మాదిరే ఉంది."

"సెప్పినావు నాయనా."

"ఒకటే లోపం."

రత్నానికి ప్రాణం లేచొచ్చింది. "ఏందది?"

"మీ యమ్మను దింపాలంటే ఆ బుట్ట సాలదు."